పనికి వస్తున్నారు గానీ పని పట్టించుకోవట్లేదు. ఏం చేయాలి? (రొయ్యల ప్లాంటు, పీలింగ్ సెక్షన్)

చెరువుగట్టు (భీమవరం)

అందరికీ నమస్కారం అండి. భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పీలింగ్ సెక్షన్ సూపర్‌వైజర్‌ని. నా కింద ఎనభై మంది దాకా ఉంటారు, దాదాపు అందరూ ఆడవాళ్ళే. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వ్యానుల్లో వస్తారు. కొందరు ఒడిశా నుంచి వచ్చి హాస్టల్లో ఉంటారు.

పని జరుగుతోంది, కాదనను. కానీ ఎవరికీ పట్టింపు లేదు. నరం (రొయ్య వీపులో ఉండే నల్ల పేగు) సరిగ్గా తీయకుండానే ట్రే నింపేస్తారు. చెకర్ తిప్పి పంపితే మొహం మాడ్చుకుని మళ్ళీ మొదలుపెడతారు. తోక విరిగినా, రొయ్య ముక్కలైనా ‘మాకేంటి’ అన్నట్టే ఉంటారు. కుళాయి వదిలేసి ఉంటే దాటుకుని పోతారు తప్ప కట్టే నాథుడు లేడు.

మేనేజ్‌మెంటు కిలోకి ఇంత అని ఇన్సెంటివ్ పెట్టింది. మొదట్లో స్పీడు బాగా పెరిగింది. దాంతోపాటు నరాలు ఉండిపోయిన సరుకూ పెరిగింది. ఇప్పుడు తీసేద్దామంటే గొడవ అవుతుందని భయం. తర్వాత ఒక ట్రైనర్‌ని పిలిపించి మోటివేషన్ క్లాసు పెట్టించారు. చప్పట్లు కొట్టించాడు, కళ్ళు మూసుకుని మీ లక్ష్యాన్ని ఊహించుకోండి అన్నాడు. నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన ఒకావిడ నిజంగానే నిద్రపోయింది.

2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి పెంచిన దగ్గర్నుంచి జీతాల మాట ఎత్తితే ఓనరు గారు వినే పరిస్థితి లేదు. అది నా చేతిలో లేని సంగతి. అది పక్కన పెట్టి, ఇది మన పని అని వాళ్ళంతట వాళ్ళు అనుకునేలా ఏం చేయొచ్చు? ఆలస్యంగా వచ్చేవాళ్ళకి ఫైన్ వేద్దామనే ఆలోచన కూడా ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

మండపేట మిల్లు

ఆ నిద్రపోయినావిడకే ప్రైజ్ ఇవ్వాలండి. కళ్ళు మూసుకోమంటే మూసుకుంది, చెప్పింది చెప్పినట్టు చేసింది ఆవిడొక్కతే.

జోకు పక్కన పెడితే ఒక ప్రశ్న. జీతం ఏ తారీఖున పడుతోంది? మా రైసు మిల్లులో ఒకప్పుడు 10కి అని చెప్పి 18కి ఇచ్చేవాళ్ళు. అప్పుడు ఆపరేటర్లకి ఎన్ని మీటింగులు పెట్టినా మనిషి మిల్లులో, మనసు అప్పులోడి దగ్గర. తారీఖు ఖాయం చేశాక పైసా పెంచకుండానే సగం సణుగుడు పోయింది.

హెచ్ఆర్ గోదారమ్మాయి (నరసాపురం, ఇప్పుడు హైదరాబాద్)

మిల్లు గారు చెప్పిందే 1959లో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ సైకాలజిస్టు చెప్పాడు. పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల సుమారు 200 మంది ఇంజనీర్లనీ అకౌంటెంట్లనీ కూర్చోబెట్టి, ఉద్యోగంలో మీకు బాగా సంతోషంగా అనిపించిన సందర్భం చెప్పండి, బాగా విసుగొచ్చిన సందర్భం చెప్పండి అని అడిగారు. ఒక దానికి ఇంకోటి రివర్స్‌లో ఉంటుందనుకుంటాం కదా. ఉండలేదు. విసుగు గురించి చెప్పినప్పుడు కంపెనీ రూల్సు, పై అధికారి తీరు, జీతం, పనిచేసే చోటు ఇవి వచ్చాయి. సంతోషం గురించి చెప్పినప్పుడు ఏదో సాధించడం, గుర్తింపు, పని మీద బాధ్యత ఇవి వచ్చాయి.

అంటే మొదటి రకం సరిచేస్తే తిట్టుకోవడం ఆగుతుంది. అంతమాత్రాన ఉత్సాహం రాదు. అది రెండో రకంలోంచి రావాలి. అయితే మొదటిది పాడై ఉండగా రెండోదాని గురించి క్లాసు పీకితే మాత్రం ఒళ్ళు మండుతుంది. మీ ట్రైనర్ గారి విషయంలో జరిగింది అదే.

ఫైన్ మాత్రం వద్దండి. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పిల్లల డేకేర్ సెంటర్ల మీద ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన ప్రయోగం ఉంది, 2000లో అచ్చయింది. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకి 10 షెకెళ్ళ ఫైన్ పెట్టారు. ఆలస్యాలు తగ్గకపోగా ఇంచుమించు రెట్టింపయ్యాయి. అంతకుముందు టీచరు గారు ఎదురుచూస్తుంటారన్న మొహమాటం ఉండేది. ఫైన్ వచ్చాక ‘డబ్బు కడుతున్నాం కదా’ అయిపోయింది. తర్వాత ఫైన్ ఎత్తేసినా ఆ మొహమాటం తిరిగి రాలేదు.

కడియం నర్సరీ

మేడమ్, ఇంజనీర్లనీ అకౌంటెంట్లనీ అడిగితే జీతం ముఖ్యం కాదనే చెప్తారు. వాళ్ళకి వస్తోంది కాబట్టి. రోజు కూలీ మీద బతికేవాళ్ళని కూడా అడిగి ఉంటే ఆ పేపరు ఎలా ఉండేదో.

మా దగ్గర మొక్కల పని చెప్తాను. కవర్లలో మట్టి నింపే గ్యాంగు వేరు, అంట్లు కట్టేవాళ్ళు వేరు. మట్టి నింపేవాళ్ళు మేస్త్రి కనబడితే చేస్తారు, లేకపోతే లేదు. అంటు కట్టేవాళ్ళని చూడండి. కొమ్మ కోసి, చెక్కి, వేరు మొక్కకి అతికించి ప్లాస్టిక్ పట్టీ చుడతారు. అది బతికిందో చచ్చిందో తెలియడానికి వారాలు పడుతుంది. మాకు ఒకాయన ఉన్నాడు, పొద్దున్నే టీ కూడా తాగకుండా తను కట్టిన వరస దగ్గరకెళ్ళి చిగురు వచ్చిందా అని వంగి చూస్తాడు. ఆయనకి ఎవరూ చెప్పలేదు.

మేం చేసింది ఒక్కటే. ఎవరు కట్టిన వరసకి వాళ్ళ గుర్తు పెట్టాం. తిట్టడానికి కాదు, అది ముందే చెప్పాం. ఎవరిది ఎక్కువ బతికితే మిగతావాళ్ళు వెళ్ళి ‘నువ్వెలా చుడుతున్నావు, చూపించు’ అని అడగడం మొదలైంది. మట్టి గ్యాంగుకి మాత్రం ఏం చేసినా పెద్దగా మారలేదని ఒప్పుకోవాలి. కొన్ని పనులు అంతే. వాటికి మంచి కూలి ఇచ్చి, నీడ చూపించి, పని అవ్వగానే ఇంటికి పంపడమే మర్యాద.

అమలాపురం బ్రాంచి

గుర్తు పెట్టడం దాకా బాగుంది. అది పోటీ లిస్టుగా మారకుండా చూసుకోండి. మా బ్యాంకులో వాట్సాప్ గ్రూపుంది. రోజూ పొద్దున్నే ఇన్సూరెన్స్ పాలసీలు ఎవరెన్ని అమ్మారో ర్యాంకులు పెడతారు. పైన ఎప్పుడూ అవే పేర్లు. కింద ఉన్నవాళ్ళు చూడటం మానేశారు. నష్టం జరిగింది మధ్యలో ఉన్నవాళ్ళకి. పద్ధతిగా పనిచేసుకునే వాళ్ళు కాస్తా ‘ఎంత చేసినా ఆ నలుగురే కదా’ అని కౌంటరు పని కూడా తూతూమంత్రంగా చేయడం మొదలెట్టారు. లిస్టు పెట్టిన పెద్దాయనకి మాత్రం అందరూ చప్పట్ల బొమ్మ పంపుతారు. అది చూసి ఆయన మోటివేషన్ బ్రహ్మాండంగా ఉందనుకుంటాడు.

ఆకివీడు ఆడపడుచు

సూపర్‌వైజర్ గారూ, నేను మీలాంటి ప్లాంటులోనే పీలింగ్ చేశానండి. అది ఏ ప్లాంటో అడక్కండి. ఇప్పుడు మానేసి టైలరింగ్ చేసుకుంటున్నాను. టేబుల్‌కి మీరు అటు నిలబడతారు, నేను ఇటు నిలబడ్డాను. అటునుంచి కనపడనివి చెప్తాను.

తెల్లవారుజామున వ్యాను వస్తుంది. అంతకుముందే లేచి వంట చేసి, పిల్లల డబ్బాలు సర్ది రావాలి. వచ్చాక టోపీ, మాస్కు, ఏప్రాన్, బూట్లు. ఐసు నీళ్ళలో చేతులు. కాసేపటికి వేళ్ళకి స్పర్శ పోతుంది. నరం వచ్చిందా లేదా అన్నది వేలికి తెలియాలి, ఆ తెలివే వేలికి ఉండదు. గ్లౌజులు అందరికీ ఒకటే సైజు ఇచ్చేవాళ్ళు. నాది చిన్న చెయ్యి. వేలి చివర రబ్బరు ముడత పడి రొయ్య జారిపోయేది. తోకలు విరిగేది అందుకే. ‘మాకేంటి’ అని కాదు.

ట్రే తిప్పి పంపడం గురించి రాశారు. ఎలా పంపుతారో కూడా చెప్పండి. మాకైతే చెకర్ ట్రే ఎత్తి టేబుల్ మీద బోర్లించేవాడు, హాలంతా చూస్తుండగా. ఏది బాగాలేదో చెప్పేవాడు కాదు. అరవై రొయ్యల్లో నాలుగిట్లో నరం ఉంటే ఆ నాలుగూ చూపిస్తే చాలదా? మొత్తం మళ్ళీ చేయాలి. ఈలోగా పక్కామె ఇంకో ట్రే నింపి కిలోలు రాయించుకుంటుంది. ఆమె ట్రే వేరే చెకర్ చూస్తాడు, అతను ఏమీ అనడు. శుభ్రంగా చేసేదానికి తక్కువ డబ్బు, గబగబా చేసేదానికి ఎక్కువ డబ్బు. మీరే చెప్పండి, ఏం నేర్చుకుంటారు అక్కడ?

తర్వాత ఒక మేడమ్ వచ్చింది, క్వాలిటీ నుంచి. ఆవిడ ఒకరోజు నరం ఉన్న రొయ్యా లేని రొయ్యా రెండూ వండించి తెచ్చి మా ముందు పెట్టింది. తిని చూడండి అంది. పళ్ళకింద ఇసుక తగిలింది. ఇన్నేళ్ళు చేస్తూ నరం ఎందుకు తీస్తామో అప్పుడు నోటికి తెలిసింది. ఇంకోటి, ఐసు తక్కువైతే, సరుకు మెత్తబడి వస్తే చెయ్యెత్తి చెప్పండి, లోడు ఆపిస్తాను అంది. ఆపించింది కూడా. ఆవిడ ఉన్నన్నాళ్ళూ మా టేబుల్ నుంచి ట్రే వెనక్కి రావడం అరుదు. ఆవిడ వెళ్ళిపోయింది, మళ్ళీ మామూలే.

మండపేట మిల్లు

అక్కా, ఆ ట్రైనర్‌కి ఇచ్చిన ఫీజు మీకు ఇవ్వాల్సింది.

ధవళేశ్వరం రిటైర్డ్

ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఇక్కడ పాత ఆనకట్ట కాటన్ దొర హయాంలో 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఇప్పటి బ్యారేజీ 1982 నాటిది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు చోట్లా కలిపి 175 గేట్లు. ఎందుకు చెప్తున్నానంటే, పని మీద మనసు అంటే ఏమిటో నేను చూసింది వరదల్లో.

మామూలు రోజుల్లో మా లస్కర్ల (గట్లు, గేట్లు చూసుకునే కింది సిబ్బంది) గురించి అందరూ ఎటకారం ఆడేవారు. కుర్చీలో కునుకు, సంతకం, ఇంటికి. 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశామంటే అదే మనుషులు వేరేగా అయిపోయేవారు. 1986 ఆగస్టులో దాదాపు 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. అలాంటి రాత్రుల్లో గట్టు మీద టార్చిలైటుతో నడుస్తూ ఎక్కడ నీరు ఊరుతోందో చూసి, ఎవరి పర్మిషనూ అడక్కుండా ఇసుక బస్తాలు వేయించేవారు. ఓవర్‌టైమ్ ఎంత అని అడిగినవాడు లేడు. గట్టు తెగితే ఎవరి ఊరు మునుగుతుందో వాళ్ళకి తెలుసు. చాలామందికి అది అత్తారి ఊరో, అక్క ఊరో. పైగా ఆ రాత్రి ‘ఫైలు పెట్టు, చూద్దాం’ అనేవాడు ఎవడూ ఉండడు. వాడు చెప్పిన చోట బస్తా పడుతుంది.

వరద తీశాక ఫైలు మళ్ళీ వచ్చేది. దాంతోపాటు కునుకూ వచ్చేది.

హెచ్ఆర్ గోదారమ్మాయి

పెద్దాయనా, ఇది మా ఆఫీసులో చెప్తాను. అయితే దీన్ని తిరగేసి వాడుకునే మేనేజర్లు ఉన్నారు, వాళ్ళతో జాగ్రత్త. ‘వరదలో అయితే అందరూ పనిచేస్తారు కదా’ అని రోజూ వరదే అంటారు. ప్రతి మెయిలూ అర్జెంట్, ప్రతి శుక్రవారం రాత్రీ ఎమర్జెన్సీ. కొన్నాళ్ళకి మా టీములో నిజంగా అర్జెంటైన దానికి కూడా ఎవరూ కదల్లేదు.

పీహెచ్‌సీ సిస్టర్ (కోనసీమ)

నిజం. మాకు 2022 జూలై వరదల్లో లంక గ్రామాలకి పడవల మీద మందులు పట్టుకెళ్ళే డ్యూటీ పడింది. అప్పుడు ఎవరికీ అలుపు తెలియలేదు. అది అయ్యాక అందరం ఒకరి తర్వాత ఒకరం జ్వరాలతో పడ్డాం. అలా ఏడాదంతా ఎవరూ చేయలేరు.

మా దగ్గర ఏడాదంతా పనికొచ్చిన మార్పు చాలా చిన్నది. డ్యూటీ చార్టు. ముందు ఆఫీసు నుంచి వచ్చేది. ఎవరికి పిల్లాడి పరీక్షలు, ఎవరికి అత్తగారి డయాలసిస్ అన్నది వేసేవాళ్ళకి తెలియదు. నెలలో సగం రోజులు సెలవు చీటీలు, మారు డ్యూటీలు, అలకలు. తర్వాత డాక్టరు గారు చార్టు మా చేతికే ఇచ్చేశారు. ప్రతి షిఫ్టుకీ ఇంతమంది ఉండాలి, మిగతాది మీ ఇష్టం అన్నారు. మొదటి నెల మాలో మాకే పెద్ద గొడవ. ఒకావిడ ఏడ్చింది కూడా. తర్వాత సర్దుకుంది. ఇప్పుడు ఎవరైనా రాకపోతే డాక్టరు గారికి కాదు, తన బదులు నిలబడే స్నేహితురాలికి జవాబు చెప్పుకోవాలి. దాంతో ఊరికే మానేయడం తగ్గింది.

చెరువుగట్టు

చాలా విషయాలు వచ్చాయి. రెండు సందేహాలు అడుగుతాను.

ఆకివీడు అక్కగారూ, ట్రే బోర్లించడం మా దగ్గరా ఉంది. రేపటి నుంచి తప్పున్న రొయ్యలు మాత్రమే పక్కకి తీసి చూపించమని చెకర్లకి చెప్తాను, అది నా చేతిలో పనే. ఇద్దరు చెకర్లు రెండు రకాలుగా చూస్తున్నారన్నదీ నిజమే. కానీ చెయ్యెత్తితే లోడు ఆపడం అంటే ప్రొడక్షన్ మేనేజర్ ఒప్పుకోడు. ప్రతివాళ్ళూ ఊరికే ఆపేస్తారని ఆయన భయం.

రెండోది, మా సరుకు ఎక్కడో అమెరికాలో తింటారు. వాళ్ళని తెచ్చి వీళ్ళకి చూపించలేం కదా. గట్టు తెగితే మునిగే ఊరు వీళ్ళకి ఎక్కడ కనిపిస్తుంది?

మండపేట మిల్లు

ఆపడం గురించి నేను చెప్తాను. మా మిల్లులో సార్టెక్స్ మిషను (బియ్యంలో పాడు గింజల్ని ఏరేసేది) దగ్గరున్న కుర్రాడికి ఆపే అధికారం ఉంది. నూక ఎక్కువ వస్తోందనో నల్ల గింజ దాటిపోతోందనో అనిపిస్తే ఆపి పిలుస్తాడు. ఇచ్చిన కొత్తలో ఎడాపెడా ఆపాడు. మేం తిట్టకుండా ప్రతిసారీ వెళ్ళి చూశాం. కొన్నిసార్లు వాడిది అనవసర కంగారు, కొన్నిసార్లు మాకు కనపడని తేడా దొరికింది. క్రమంగా ఎప్పుడు ఆపాలో వాడికే తెలిసింది. మీ మేనేజర్‌కి ఒకటి చెప్పండి, కంటైనరు వెనక్కొస్తే ఎంత సేపు ఆగినట్టు?

హెచ్ఆర్ గోదారమ్మాయి

టొయోటా కార్ల ఫ్యాక్టరీల్లో ప్రతి కార్మికుడికీ అందేలా ఒక తాడు ఉండేది, దాన్ని ఆండాన్ తాడు అంటారు. తేడా కనిపిస్తే లాగొచ్చు. లాగగానే లైన్ ఆగిపోదు. ముందు టీమ్ లీడర్ పరుగెత్తుకొస్తాడు. అప్పటికప్పుడు సరిచేయలేకపోతేనే ఆగుతుంది. మీ మేనేజర్ భయానికి జవాబు అందులో ఉంది. చెయ్యెత్తితే ముందు మీరు వెళ్ళండి. లోడు ఆపాలా వద్దా అన్నది అక్కడ ఇద్దరూ చూసి తేల్చుకోండి. ఒకటే షరతు, అనవసరంగా పిలిచినా విసుక్కోకూడదు. ఒక్కసారి విసుక్కున్నారా, ఇక ఆ చెయ్యి లేవదు.

రెండో ప్రశ్నకి: అమెరికాలో ఒక యూనివర్సిటీకి ఫోన్లు చేసి విరాళాలు అడిగే ఉద్యోగుల మీద ఆడమ్ గ్రాంట్ బృందం చేసిన ప్రయోగం 2007లో వచ్చింది. ఆ విరాళాలతో స్కాలర్‌షిప్ వచ్చిన విద్యార్థిని కొందరికి కాసేపు కలిపించారు, అంతే. నెల తర్వాత చూస్తే వాళ్ళు ఫోన్లో గడిపే సమయం, తెచ్చిన విరాళాలు రెండూ రెట్టింపు దాటాయి. కలవనివాళ్ళలో మార్పేమీ లేదు.

ఆకివీడు ఆడపడుచు

అమెరికావాడెందుకండి? చెరువు రైతు పక్క ఊళ్ళోనే ఉన్నాడు కదా. మాలో సగం మంది మగవాళ్ళు ఆ చెరువుల మీదే పనిచేస్తారు, కాపలాకో మేతకో. సరుకు రిజెక్టయితే కంపెనీ కౌంటు రేటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి రైతుకి ఇచ్చే ధర) తగ్గిస్తుంది, రైతు కాపలావాడి జీతం ఆపుతాడు. ఆ కాపలావాడు మా ఆయనే. ఇది ప్లాంటులో ఎవరూ మాకు చెప్పలేదు, నేను ఇంట్లో దెబ్బలాడుకుంటే తెలిసింది.

కడియం నర్సరీ

అక్క చెప్పింది బంగారం. కానీ సూపర్‌వైజర్ గారూ, నాకొకటి అర్థం కావట్లేదు. వీళ్ళు కంపెనీ రోల్స్ మీద ఉన్నారా, మేస్త్రి కింద ఉన్నారా? మేస్త్రి కింద ఉంటే, సీజన్ తగ్గగానే రేపట్నుంచి రావద్దు అనే చోట ‘ఇది నీ పని అనుకో’ అనడం ఏం న్యాయం?

చెరువుగట్టు

ఎక్కువమంది మేస్త్రి ద్వారానే అండి. దాచడానికేముంది.

అమలాపురం బ్రాంచి

అయితే కనీసం చట్టంలో ఉన్నదైనా అందుతోందా చూడండి. జీతం పరిమితికి లోబడి, ఏడాదిలో కనీసం 30 రోజులు పనిచేసినవాళ్ళకి 8.33 శాతం కనీస బోనస్ ఉంది. మేస్త్రి కింద ఉన్నంత మాత్రాన అది పోదు. పీఎఫ్ కోసి కట్టకుండా ఉంటే అదింకా పెద్ద తలనొప్పి. మా బ్రాంచికి పాస్‌బుక్ పట్టుకొచ్చి ‘పీఎఫ్ ఎక్కడుంది సార్’ అని అడిగేవాళ్ళని చూస్తుంటాను. మనిషి ప్లాంటుని నమ్మాలంటే ముందు ఆ ఎంట్రీ కనబడాలి.

ధవళేశ్వరం రిటైర్డ్

కడియం బాబు అన్నదాంతో సగం ఏకీభవిస్తాను. మా దగ్గర కూడా వర్క్‌చార్జ్‌డు వాళ్ళు, ఎన్‌ఎంఆర్‌లు ఉండేవారు. పర్మనెంటు కాదు. గట్టు మీద వాళ్ళే ముందుండేవారు. కాబట్టి పర్మనెంటు అయితేనే మనసు పెడతారన్నది నిజం కాదు. కానీ వరద తీశాక వాళ్ళని మర్చిపోయాం చూశారూ, అది మాత్రం అన్యాయమే. ఏళ్ళ తరబడి తిరిగారు పాపం రెగ్యులరైజ్ చేయమని.

కడియం నర్సరీ

అదేనండి నేను అంటున్నది. వాళ్ళు మనసు పెట్టలేరని కాదు. పెట్టినదాన్ని మనం ఊరికే వాడుకుంటున్నామని.

చెరువుగట్టు

దీనికి నా దగ్గర జవాబు లేదండి. బోనస్, పీఎఫ్ సంగతి మేస్త్రి రిజిస్టరు తెప్పించి చూస్తాను. మేనేజర్‌తో మాట్లాడాను. లోడు ఆపడానికి ఒప్పుకోలేదు గానీ, చెయ్యెత్తితే నన్ను పిలవడానికి రెండు టేబుళ్ళకి ఒప్పుకున్నాడు. షిఫ్టు చార్టు కూడా ఆ రెండు టేబుళ్ళకే ముందు ఇస్తాను. ఇన్సెంటివ్ తీసేయకుండా, చెకర్ పాస్ చేసిన కిలోలకే లెక్కకట్టమని రాశాను, పైన చూస్తున్నారు. చెరువు రైతుని పిలిపిద్దామంటే మాత్రం మేనేజర్ నవ్వాడు. వచ్చి రేటు గురించి మనల్నే కడిగేస్తాడు అన్నాడు.

మండపేట మిల్లు

కడగనివ్వండి. ఆడవాళ్ళంతా వింటారు కదా, అదే మోటివేషన్ క్లాసు.

ఆకివీడు ఆడపడుచు

అవన్నీ నెమ్మదిగా చేసుకోండి. గ్లౌజుల సంగతి ఏం చేశారు?

చెరువుగట్టు

స్మాల్, మీడియం రెండు సైజులూ ఇండెంటు పెట్టానండి. స్టోర్సువాళ్ళు లార్జ్ పెట్టెలు ఇంకా చాలా ఉన్నాయి, అవి అయ్యాకే అంటున్నారు. పెట్టెలు లెక్కపెట్టించాను, సంక్రాంతి దాకా అవ్వవు. ఈలోగా ఆ రెండు టేబుళ్ళకైనా బయట కొందామనుకుంటున్నాను. ఫుడ్ గ్రేడ్‌వి, భీమవరంలో గానీ తణుకులో గానీ హోల్‌సేల్‌గా ఎక్కడ దొరుకుతాయో తెలిస్తే చెప్పండి.